లెక్కల సారు పుస్తకం, డ్రిల్లు సారు మొహం

మొన్న ఆదివారం తాండూరుల నా పరువు పోయింది. ఊరికె పోలే, శాలువ కప్పించుకోని, ఫొటో దిగి, పేపర్ల పడి మరీ పోయింది! నవ్వకుండ్రి. ముందు చాయ్ తాగుండ్రి, చెప్త.

మీకు తెల్సు గద, వికారాబాదు బస్టాండు దగ్గర మాది పుస్తకాల షాపు. ఏడాదంత గైడ్లు, నోటుబుక్కులు, పెన్నులు. కని ఈసారి వానలు తగ్గినయో లేదో, జీవిత చరిత్రలు దిగుడు షురువైంది! రిటైరైన కలెక్టరు ఆత్మకథ, సినిమా హీరోయిన్ ఆత్మకథ, క్రికెట్ ఆడినాయనది ఒకటి, టీవీల వంటలు చేసెటాయనది ఒకటి. బతుకమ్మ పండుగకు చీరలు దిగినట్టు దిగినయ్. మా ఆయన రమేశ్ కట్టలు దించుకుంట, "బతికినోళ్లందరు రాస్తున్నరు సుజాతా. ఇగ సదివెటోళ్లు మనమిద్దరమే మిగిలినం" అన్నడు.

గా వరుసలనే మా లెక్కల సారుది గూడ వచ్చింది.

అనంతయ్య సారు. నేను తాండూరుల సదువుకున్నప్పుడు మాకు లెక్కలు చెప్పెటోడు. ఆయన వరండల నడుస్తుంటె పక్క స్కూలు పిల్లలు గూడ చేతులు కట్టుకునెటోళ్లు. బెత్తం ఎక్కువ వాడెటోడు కాదు. ఊరికె "చెయ్యి చాపు" అనెటోడు. గంతె! సగం ఏడుపు అక్కడ్నే అయిపోయేది. ఇప్పుడు నాకు కాలేజీకి పోయే బిడ్డ ఉన్నది, మోకాళ్ల నొప్పులున్నయ్. అయినా ఆయన ఫోనొస్తె కుర్చీల నుంచి లేచి నిలబడే మాట్లాడుత. మా ఆయన నవ్వుతడు. నవ్వనీ. పరిగిల సదువుకున్నడు, తనకేం తెల్సు మా బాధ!

సారు భార్య పోయినంక ఆయన ఒక్కడే కూసోని తన జీవితమంత రాసిండు. కండ్లు సరిగ్గ కనబడకున్నా భూతద్దం పట్టుకోని రాసిండు. హైదరాబాదుల అచ్చేసినోళ్లు కట్టను బస్సుల మా షాపుకు పంపిండ్రు. సారు ఫోను చేసి, "బిడ్డా, ఆదివారం నా పుస్తకం ఆవిష్కరణ. బంగారు రంగు కాయిదం చుట్టి, ఎర్ర రిబ్బన్ కట్టి పట్కరా. నువ్వు తప్పు చెయ్యవని నీకే చెప్తున్న" అన్నడు.

నేను తప్పు చెయ్యనని! సారు! నా పరీక్ష పేపర్లు దిద్దిన సారు! ఫోను పెట్టేసినంక గూడ జరసేపు నిలబడే ఉన్న.

ఇక్కడ ఇంకొకాయన ముచ్చట చెప్పాలె. యాదగిరి సారు, మా డ్రిల్లు సారు. ఇద్దరిది ఒకటే స్కూలు, ఇప్పుడు తాండూరుల ఒకటే గల్లీ. ఒకప్పుడు ఒకే టిఫిన్ డబ్బల తిన్నోళ్లు. ఇన్‌చార్జి హెడ్మాస్టరు కుర్చీ కాడ పంచాయితి వచ్చి మాటలు బందైనయ్. లెక్కల సారు ఆత్మకథ రాస్తున్నడని తెల్వంగనే డ్రిల్లు సారు గూడ రాసుడు మొదలువెట్టిండు. అదే ప్రెస్సు, అదే నీలం అట్ట. ఫొటో స్టూడియో గూడ ఒక్కటేనాయె! ఇద్దరు తెల్ల షర్టేసుకోని, గడ్డం కింద చెయ్యి పెట్టుకోని, ఒక్క తీరుగ ఎటో చూస్తున్నరు. రెండు కట్టలు ఒక్కనాడే మా షాపుల దిగినయ్.

అర్థమైంది గద? మీకింత జల్ది అర్థమైంది. నాకు ఆదివారం దాంక కాలే!

శనివారం షాపు నిండ జనం. ఒక చేత్తోని పిల్లలకు డ్రాయింగు చార్టులు ఇచ్చుకుంట, ఇంకో చేత్తోని కట్ట విప్పి పుస్తకాలు తీసిన. పేరు చదివిననా అంటె చదవలే. ఫొటో చూసిన. తెల్ల షర్టు ఉంది, గడ్డం కింద చెయ్యి ఉంది. చాలనుకున్న. బంగారు కాయిదం చుట్టి, రిబ్బన్‌ను పువ్వు లెక్క ముడేసి, నన్ను నేనే మెచ్చుకున్న.

ఆదివారం రైలెక్కిన. ప్యాకెట్టును పసిపిల్ల లెక్క ఒళ్లె పెట్టుకున్న. పక్కన కూసున్నామె, "లోపట ఏముందమ్మా?" అని అడిగింది.

"మా సారు జీవితం" అన్న, గొప్పగ.

తాండూరు ఫంక్షను హాలుకు పోయేసరికి సగం ఊరు అక్కడ్నే ఉంది. అందరు సారు దగ్గర సదివినోళ్లే. డాక్టర్లు, కందిపప్పు మిల్లులోళ్లు, నాపరాళ్ల వ్యాపారం చేసెటోళ్లు. తలకాయలు తెల్లవడ్డయి, బట్టతలలొచ్చినయ్, అయినా ఒక్కడు గూడ కాలు మీద కాలేసుకోలే. స్టేజీ మీద బల్ల, బల్ల మీద పల్లెం, పల్లెంల నా ప్యాకెట్టు తళతళ మెరుస్తున్నది. సారు కొత్త పంచ కట్టుకోని, పెండ్లికొడుకు లెక్క కూసున్నడు. ఆయన్ను గంత సంతోషంగ నేనెన్నడు చూడలే.

అప్పుడు ఫోను మోగింది. మా ఆయన.

"సుజాతా, ఈ లెక్కల సారు కట్టను గోడ పక్కకు జరుపుతున్న. దీని తాడు గూడ విప్పినట్టు లేవు గద?"

"నిన్న విప్పిన గదయ్యా."

"నువ్వు విప్పింది డ్రిల్లు సారుది. గిది వచ్చిన కట్ట వచ్చినట్టే ఉంది." తర్వాత నెమ్మదిగ అడిగిండు. "మరి నువ్వేం పట్కపోయినవ్?"

ఓయమ్మో! అటు తిరిగి చూద్దును గద, ఆఖరి వరుసల, తలుపు పక్కన, చేతులు కట్టుకోని ఎవరు? యాదగిరి సారు! లెక్కల సారు తన గురించి ఏం రాసిండో తెల్సుకునేటందుకు వచ్చిండు. ఇంకేముంది, సారు ఇన్నేండ్ల కష్టం, గీ మనిషి కండ్ల ముంగటనే నవ్వులపాలైతది. చేసింది నేను. తప్పు చెయ్యదని ఆయన నమ్మిన నేను!

ఆవిష్కరణకు ముందే ప్యాకెట్టు తీసుకోని ఉరకాలె, ఇంకో దారి లేదు. దేవునికి మొక్కుకుంట స్టేజీ ఎక్కిన.

"సారూ, రిబ్బన్ వంకరైంది. జర ఇస్తె మళ్ల కట్టుకొస్త."

సారు కండ్లద్దాల మీదికెల్లి చూసిండు. "మంచిగనే ఉంది. కూసో."

కూసున్న! సోచాయించలే, పక్కన ఏముందో చూడలే. సారు కూసో అన్నడు, నా కాళ్లు మడతవడ్డయ్, పక్కనున్న కుర్చీల టక్కున కూసున్న. అది ముఖ్య అతిథి కుర్చీ.

లేద్దామనుకునే లోపట మైకుల మాట్లాడెటాయన, "వికారాబాదు నుంచి విచ్చేసిన ప్రముఖ పుస్తక ప్రియురాలు సుజాతమ్మ గారికి సత్కారం!" అన్నడు. శాలువ మీద పడ్డది. చప్పట్లు! అప్పుడే ముఖ్య అతిథి వచ్చిండు, పెద్ద ఆఫీసరు చేసి రిటైరైనాయన. ఆయనకు ఇంకో కుర్చీ తెచ్చి నా పక్కన వేసిండ్రు. ఇగ నేను దిగెటట్టు లేదు.

ఆఖరి ప్రయత్నం. సారు చెవుల, "సారూ, ఒక తప్పైంది" అన్న.

"సభ నడుస్తుంటె మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

మీరు నమ్మరు. శాలువ కప్పుకోని, అందరి ముంగట, నోటి మీద వేలు పెట్టుకున్న.

ఆవిష్కరణ మొదలైంది. ముఖ్య అతిథి రిబ్బన్ విప్పుతుండు, నా పానం విప్పుతున్నట్టుంది. కాయిదం ఊడింది. పుస్తకాలు తలా ఒకటి పంచిండు, నాకు గూడ ఒకటి వచ్చింది. అట్ట మీద డ్రిల్లు సారు గడ్డం కింద చెయ్యి పెట్టుకోని నన్నే చూస్తున్నట్టు! సారు మాత్రం ఫొటోల మంచిగ పడాలని అప్పుడే కండ్లద్దాలు తీసి జేబుల పెట్టుకున్నడు. అవి లేకుంటె ఆయనకు గోడకు, మనిషికి తేడా తెల్వది. నేను నా పుస్తకాన్ని వెనక్కి తిప్పి పట్టుకున్న. అతిథితోని, "సార్, మీరు గూడ ఇట్ల తిప్పి పట్టుకోండి, లైటు కొడ్తది" అన్న. ఫొటోగ్రాఫరు సరిహద్దు అవతలి మనిషి, ఊకుంటడా? "మేడం, అట్ట ఇటు తిప్పండి! ఇల్లి నోడ్రి, ఇల్లి నోడ్రి!" అని, ఇటు చూడమని కన్నడంల ఒకటే ఒర్రుడు.

తిప్పిన. ఏం చెయ్యాలె మరి!

చప్పట్లు షురువై సగంల ఆగిపోయినయ్. అందరు చూసిండ్రు. అట్ట మీద ఎవరి మొహముందో అందరికి తెల్సింది. ఒక్కడన్న లేచి "సార్, పుస్తకం మారింది" అంటడేమో అని చూసిన. ముందు వరుసల ఒక పోలీసాయన ఉండె, దొంగలు ఆయన పేరు చెప్తె వణుకుతరట. ఆయన గూడ తల కిందికేసుకోని బూట్లు చూసుకుంటుండు. సారు తప్పని సారుకు చెప్పే ధైర్యం ఆ హాల్ల ఎవరికుంది?

ముఖ్య అతిథి మైకు పట్టుకున్నడు. "ఈ పుస్తకం మొదలువెడితె కింద పెట్టలేకపోయిన. చదువుతుంటె కండ్లల్ల నీళ్లు ఆగలే" అన్నడు. అరే, రిబ్బన్ విప్పి ఇంకా వేడి ఆరలే! గంతటితోని ఆగినా బాగుండు. "ఒక్క పేజీ చదివి వినిపిస్త" అని మధ్యల తెరిచిండు.

కండ్లు మూసుకున్న. చదువుతుండు:

"ఇన్‌స్పెక్షన్ రోజు స్కూలంతా అనంతయ్యను చూసి ధైర్యం తెచ్చుకునేది. కాని గంట కొట్టే ముందు ఆయన నా డ్రిల్లు రూముకు వచ్చేవాడు. కాళ్లు వణుకుతుండేవి. యాదగిరీ, జర పట్టుకో అనేవాడు. భుజం పట్టుకొని క్లాసు గుమ్మం దాకా తీసుకుపోయేవాణ్ణి. గుమ్మం దాటినాక ఆయన పులి."

అతిథి ఆగి, "చూడుండ్రి! తన గురించి తానే, పక్క మనిషి రాసినట్టు రాసుకున్నడు. ఏం శైలి!" అని మెచ్చుకోని మళ్ల అందుకున్నడు.

"ఇప్పుడు నా కాళ్లు వణుకుతున్నాయి. పట్టుకునే మనిషి ఇదే గల్లీలో ఉన్నాడు. మాట్లాడడు."

సారు జేబుల చెయ్యి పెట్టి కండ్లద్దాలు తీసిండు. పెట్టుకున్నడు. అతిథి చేతుల నుంచి పుస్తకం తీసుకోని అట్ట చూసిండు. తర్వాత నన్ను చూసిండు. నిజం చెప్తున్న, పరీక్షల సున్న వచ్చిన నాడు గూడ గంత భయపడలే. స్టేజీ పక్క తలుపు ఎంత దూరముందో చూసుకున్న. శాలువ ఇచ్చేసి పోవాలెనా, కప్పుకోని పోవాలెనా అని గూడ ఆలోచన చేసిన.

సారు చూపు నా మీదికెల్లి ఆఖరి వరుసకు పోయింది. "యాదగిరీ" అన్నడు, మైకుల. "డ్రిల్లు రూము ముచ్చట ఊరందరికి చెప్తవా?"

ఆఖరి వరుసల నుంచి జవాబు మైకు లేకుండనే వచ్చింది. డ్రిల్లు సారు గొంతు గద మరి! "పుస్తకం నాది! నువ్వు ఆవిష్కరించుమని నేను అడిగిననా?"

ఎవరో కిసుక్కుమన్నరు. ఇగ హాలంత ఒక్కసారె నవ్వు. పోలీసాయన గూడ కడుపు పట్టుకోని నవ్వుతుండు. సారు నవ్వలే. స్టేజీ మెట్ల కాడికి పోయి, చెయ్యి చాపి నిలబడ్డడు. "ఇగ పైకి రా. మెట్లు ఎత్తుగున్నయ్, పైలం." యాదగిరి సారు ఒక్కో మెట్టు ఎక్కుతుంటె భుజం పట్టుకున్నడు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. సంతోషమనిపించింది. మెల్లగ నేను బతికి బయటవడ్డ అనుకున్న.

"సుజాతా!"

"సార్!"

"చెయ్యి చాపు."

చాపిన! కండ్లు గట్టిగ మూసుకోని, శాలువతోని, ఊరందరి ముంగట! అరచేతుల మెత్తగ ఏదో పడ్డది. చూస్తె ఎర్ర రిబ్బన్.

"దాచిపెట్టు. వచ్చే ఆదివారం మళ్ల సభ. ఈసారి నా పుస్తకానికి కట్టాలె. నువ్వే కట్టాలె."

ఫొటోగ్రాఫరు సరిగ్గ నేను చెయ్యి చాపినప్పుడే నొక్కిండు. తెల్లారి పేపర్ల ఫొటో వచ్చింది. ఇద్దరు సార్లు, నడుమ నేను, కండ్లు మూసుకోని, చెయ్యి చాపుకోని. కింద రాసిండ్రు, "సారు ఆశీస్సులు అందుకుంటున్న ముఖ్య అతిథి" అని. మా ఆయన దాన్ని ఫ్రేం కట్టించి గల్లా మీద పెట్టిండు. మా బిడ్డ దాని దిక్కు చూసినప్పుడల్ల నాకు చెయ్యి చాపి చూపిస్తది.

ఇగ రేపే ఆదివారం. ప్యాకెట్టు కట్టుడైతె అయింది. పేరు చదివిన, పైకి చదివిన, మా ఆయనతోని గూడ చదివించిన. కని కట్టినంక ఒక్క ఫికర్: లోపట ఉన్నది లెక్కల సారేనా? విప్పి చూస్త. ఆయనే. మళ్ల కడ్త. జరసేపటికి మళ్ల అదే ఫికర్. మళ్ల విప్పుత. గిట్ల కట్టుకుంట, విప్పుకుంట, షాపుల ఉన్న బంగారు కాయిదమంత చింపులైంది. మీ ఇండ్లల్ల ఎవరికన్న పెండ్లి గిఫ్టులొచ్చిన కాయిదం మిగిలుంటె జర ఇయ్యుండ్రి. రెండు మూడు ఎక్కువనే ఇయ్యుండ్రి. పొద్దున రైలెక్కే ముందు ఇంకోసారి విప్పకుంట ఉండలేను.