మస్తానన్న చేతిలో నా చావులు

కదిరి బస్టాండు పక్క పంక్చర్ షాపు ముందు నిలబడితే కాలిన రబ్బరు వాసన గుప్పుమంటుంది. అందరూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నేను ఇంకాస్త గట్టిగా పీలుస్తాను. నాకది మస్తానన్న వాసన.

ఎనభైల మొదట్లో, కరువు పల్లెల్లో పనిచేసే ఒక చిన్న సంస్థలో నాకు ఉద్యోగం దొరికింది. అక్కడి పాత జీపుకు మస్తానన్న డ్రైవరు. కళ్లు మసకబారి ఇక నడపలేనని తేల్చేసుకుని, నడపడం నేర్పి తన సీటు నాకిస్తానన్నాడు. ఆడపిల్ల చేతికి జీపేమిటని గొణిగిన వాళ్లతో, "ఆయమ్మకు హారన్ గూడా అక్కర్లేదప్పా, నోరు సాలు" అన్నాడట. దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

ఆయన మొదటి పాఠం టైరు పగలడం. మా ఎండలకు, అరిగిపోయిన ఆ టైర్లకు అది ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. "పగిల్తే బ్రేకు తొక్కొద్దు. స్టీరింగు గట్టిగా పట్టుకో, యాక్సిలరేటరు మీద కాలు తియ్యి. బండిని బతిమాలుకోవల్ల, బెదిరించగూడదు" అనేవాడు. నేను ఫిజిక్సు బీయస్సీని. ఆపాలంటే తొక్కాల్సింది బ్రేకే కదా అని అరగంట వాదించాను. అంతా విని, "నీ పుస్తకంలో రోడ్డు ఉండాదామ్మా?" అన్నాడు.

మాటలతో నన్ను గెలవలేనని తెలిసి వేరే దారి పట్టాడు. నేను నడుపుతుంటే పక్కన కూర్చుని వేరుశనక్కాయలు తినేవాడు. ఖాళీ అయిన కాగితం సంచిని ఊది, నా చెవి దగ్గర ఠప్పున పగలగొట్టేవాడు. నా కాలు బ్రేకు మీదికి దూకేది. "సచ్చినావు" అనేవాడు తాపీగా. "ఈపొద్దుకు ఇది మూడోసారి."

ఒక మధ్యాహ్నం యాడికి అనే ఊరి నుంచి వస్తున్నాం. ముందు రోడ్డు మీద ఉలవచెట్లు పరిచి ఉన్నాయి. బండ్ల చక్రాల కింద నలిగి గింజ రాలుతుందని మా వైపు అందరూ చేసే పనే. ఎడమ అంచున ఒక ముసలామె కాపలా కూర్చుంది. అంతలో ఠప్పుమంది. మనిషి కనిపిస్తుండగా ఇదేం వేళాకోళమని నాకు ఒళ్లు మండింది. ఈసారి చచ్చేది లేదనుకుని, కాలు తీసేసి స్టీరింగు బిగించి పట్టుకున్నాను. జీపు ఎడమకు, ఆమె వైపే లాగుతోంది. పళ్లు కొరుక్కుంటూ కుడికి పట్టి ఉంచాను. కుంటుకుంటూ పోయి ఆమెకు బారెడు దూరంలో ఆగింది.

"బుద్ధుందా మస్తానన్నా? మనుషులున్న చోటా నీ ఆటలు?" అని అరిచాను.

ఆయన చేతిలో సంచి ఊదింది ఊదినట్టే, గుండ్రంగా ఉంది.

"నాది ఇంగా పగల్లేదుమ్మా" అన్నాడు.

దిగి చూస్తే ముందు ఎడమ టైరు పేలికలైంది. వంగి దాన్ని చేత్తో తడిమి చూశాను. ముసలామె మాత్రం కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. "ఏమ్మే, ఈడనే నిలబెట్టుకున్నావు? ఉలవలు ఎవరు తొక్కేది?" అని కసిరింది.

ఆఫీసులో మస్తానన్న అందరికీ చెప్పాడు: "టైరు పగిల్తే ఆయమ్మ కన్ను గూడా ఆర్పలే. నిబ్బరమంటే అదీ!" జీపు నాదైంది. అది నిబ్బరం కాదు, ఒట్టి కోపమని మా ఇద్దరికే తెలుసు. ఎందుకలా చెప్పావని విడిగా నిలదీస్తే, "యాదైతే ఏమి, ముసిల్ది బతికింది గదా" అన్నాడు.

తరువాత నా చేతిలో మరో రెండు టైర్లు పగిలాయి. అప్పుడు పక్కన మస్తానన్న లేడు, కోప్పడటానికి ఎవరూ లేరు. రెండుసార్లూ నిజంగానే భయపడ్డాను. ఆ భయంతోనే బండిని నిదానంగా రోడ్డు పక్కకు తెచ్చి ఆపాను. ఆయన ఇచ్చిన ఆ పొగడ్తలో సగమైనా ఇప్పుడు నాదేనని ఎవరితోనైనా వాదిస్తాను.