నలభై ఎనిమిది సంతకాలు

మేనేజరమ్మ కాగితం తెస్తే ఆ అపార్టుమెంటులో ఎవరూ చదవరు. తలుపు సందులోంచి చెయ్యి చాపి సంతకం గీకేస్తారు. ట్యాంకు కడిగించడానికైనా, లిఫ్టు బాగుచేయించడానికైనా పన్నెండేళ్ళుగా ఇదే వరస.

ఆ ధీమాతోనే ఓనర్ల సంఘం ప్రెసిడెంటుగారు ఒక అర్జీ ఆమె చేతిలో పెట్టారు. అపార్టుమెంట్ల చట్టం మారుస్తారట. ముసాయిదా మీద యజమానులు అభ్యంతరాలు చెప్పుకోవచ్చట.

"మేనేజర్లంతా పరీక్ష పాసవ్వాలంటున్నారమ్మా. నీ ఉద్యోగం కోసమే ఈ తంటాలన్నీ. సాయంత్రానికల్లా నలభై ఎనిమిది ఇళ్ళ సంతకాలూ కావాలి," అన్నారు.

పరీక్ష అంటేనే ఆమెకు హడల్. పదో తరగతి లెక్కలే మూడోసారికి గట్టెక్కిన మనిషి. ఈ ఉద్యోగం ఊడితే ఇల్లు గడవదు. చదవకుండానే కాగితం పట్టుకుని పరుగెత్తింది.

మొదటి గుమ్మంలోనే చిక్కొచ్చి పడింది. అక్కడుండే రిటైరైన టీచరుగారికి కంటి ఆపరేషన్ అయింది. అందుకని చదివి వినిపించమంది. చదివితే ఏముంది? పరీక్ష గురించి ఒకే ఒక్క వాక్యం. మిగతా పేజీన్నరా ప్రెసిడెంటు రెండు విడతలకు మించి ఉండకూడదన్న నిబంధన ఎంత ఘోరమో చెప్పడానికే. ఆయనగారిది ఇప్పుడు ఏడో విడత.

"నిన్ను అడ్డం పెట్టుకుని తన కుర్చీ కాపాడుకుంటున్నాడే పిల్లా. పరీక్షకి నేను చదివిస్తాలే," అంది టీచరుగారు.

మేనేజరమ్మకు ఒళ్ళు మండింది. మిగిలిన అన్ని గుమ్మాల్లోనూ నిలబడి, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా గొంతెత్తి చదివింది. పెన్ను పట్టుకుని వచ్చినవాళ్ళు పెన్నుతోనే లోపలికి వెళ్ళిపోయారు.

సంతకం పెట్టింది ఒక్కరే, ప్రెసిడెంటుగారి భార్య. అంతా ఓపిగ్గా విని మరీ పెట్టింది.

"ఆయన్ని ఆ ఆఫీసు గదిలోనే ఉండనీ తల్లీ. ఇంట్లో ఉంటే నా వంటింటి డబ్బాలకి కూడా నోటీసులు అంటిస్తారు," అంది.

సాయంత్రం ప్రెసిడెంటుగారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. నీ ఉద్యోగం ఏమైపోతుందో తెలుసా అని గుడ్లురిమారు. పరీక్ష రాస్తానని చెప్పింది మేనేజరమ్మ. ఆయన చూపు ఆ ఒక్క సంతకం మీద ఆగింది. కళ్ళు చెమర్చాయి.

"ఇంతమందిలో నన్ను అర్థం చేసుకున్నది అదొక్కతే. సంతకం పెడుతూ ఏమైనా అందా?"

పొద్దున్నుంచీ చదివి చదివి గొంతు పోయింది సార్ అని, ఆమె గబగబా బయటపడింది.