అనుమానం మేడం అడ్డుకున్న మెయిల్

ప్రభుత్వ కంప్యూటర్లలోకి దొంగలు చొరబడకుండా చూసే విభాగానికి ఆవిడ పెద్ద. హోదా తలుపు మీద మూడు వరుసల్లో రాసి ఉంటుంది గానీ, నాలుగు అంతస్తుల్లోనూ ఆవిడ పేరు అనుమానం మేడం. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

చేరింది టైపిస్టుగా. ఆఫీసుకు మొదటి కంప్యూటర్లు వచ్చినప్పుడు, ముట్టుకుంటే షాక్ కొడుతుందన్నట్టు అందరూ దూరం జరిగితే, ఆ గది తాళాలు ఆవిడ చేతికొచ్చాయి. ఓ రోజు ఎవరో పుణ్యాత్ముడు ఇంటి నుంచి తెచ్చిన ఫ్లాపీ పెట్టాడు. వైరస్ సోకి జనన ధ్రువపత్రాల రికార్డులన్నీ మాయమయ్యాయి. పాత రిజిస్టర్లు ముందేసుకుని, మూడు వారాలు ఒక్కతే కూర్చుని మళ్లీ ఎక్కించింది. ఆనాటి నుంచి ఆవిడకు కుదురు లేదు. తాళం వేసిన తలుపును మళ్లీ లాగి చూస్తుంది. కూర్చున్నా కాలు ఆడిస్తూనే ఉంటుంది. "పుట్టినరోజు పాస్‌వర్డ్‌గా పెట్టుకోవడమంటే వీధి తలుపు బార్లా తెరిచి పడుకోవడమే" అని కొత్తవాళ్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంది.

ఈ కుదురులేనితనమే ఇంట్లో కొంప ముంచింది. కూతురు ఒకతన్ని పెళ్లి చేసుకుంటానంటే, అతని పాత ఉద్యోగాలు, పాత స్నేహాలు అన్నీ కూపీ లాగి, కాగితాల కట్ట భోజనాల బల్ల మీద పెట్టింది. వాటిలో అతని తప్పేమీ బయటపడలేదు. అయినా కూతురు ఆ కట్టను క్షమించలేకపోయింది.

"మనుషుల్ని కూడా స్కాన్ చేస్తావా అమ్మా?" అని వెళ్లిపోయింది. రెండేళ్లుగా మాటల్లేవు.

విభాగంలో నెలకోసారి ఒక పరీక్ష ఉంటుంది. సొంత సిబ్బందికే ఉత్తుత్తి దొంగ మెయిల్ పంపడం, లింక్ నొక్కినవాళ్లకు క్లాసు పీకడం. తనకూ చెప్పకుండా పంపమని ఆవిడే అసిస్టెంటుకు చెప్పింది. పదకొండేళ్లలో ఒక్కసారీ దొరకలేదు.

ఆ ఉదయం ఏదో కొత్త చిరునామా నుంచి మెయిల్ వచ్చింది. "అమ్మా, పాప పుట్టింది. ఫొటోలు ఈ లింక్‌లో ఉన్నాయి. చూస్తావా?"

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఆ చిరునామాను అడ్డుకునే మీట ఠకీమని నొక్కి, అసిస్టెంటును పిలిచింది.

"ఎర వెయ్యడానికి నీకు నా ఇల్లే దొరికిందా?"

అతను తెల్లబోయాడు. "ఈ నెల పరీక్ష ఇంకా తయారే చెయ్యలేదు మేడం."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మీట నొక్కగానే పంపినవాళ్లకు జవాబు వెళ్తుంది: మిమ్మల్ని మోసగాళ్లుగా గుర్తించి అడ్డుకున్నాం, అని. కింద ఆవిడ పేరు. ఆ మాటలు రాసిందీ ఆవిడే. మరీ మెత్తగా ఉన్నాయని ఒకసారి దిద్దింది కూడా.

గదిలో కాలు కాలిన పిల్లిలా తిరిగింది. నిజంగా కూతురేనా? ఇంటి గుట్టు తెలిసిన దొంగ కాదు కదా? గోడ మీద తను అంటించిన కాగితమే ఎదురుగా ఉంది: అనుమానం వస్తే, మీ దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేసి అడగండి. పాత నంబరు ఉంది. రెండేళ్లుగా లేనిది ధైర్యమే. ఫోన్ తీసింది, పెట్టేసింది, మళ్లీ తీసి ఆ నంబరు నొక్కింది.

"నీ ఆఫీసు జవాబు అందిందమ్మా," అంది కూతురు. "నేను మోసగత్తెనట."

"తప్పు నాదే. ఇవాళ్టిదీ, అప్పటిదీ." అనేసరికి ఆవిడకు ఏడుపు ఆగలేదు.

అవతల చంటిపిల్ల కేర్‌మంది. కూతురు జోకొడుతున్న చప్పుడు వినిపించింది.

"సరే, లింక్ తెరువు. నేను లైన్లోనే ఉంటా."

అడ్డుకున్న మెయిల్‌ని వెతికి పైకి తీసింది ఆవిడ. పదకొండేళ్లు నొక్కని వేలితో నొక్కింది. తెర పాస్‌వర్డ్ అడిగింది.

"ఏం పెట్టావే?"

"నీ పుట్టినరోజు."

అనుమానం మేడం ఈసారి క్లాసు పీకలేదు. కళ్లు తుడుచుకుని, అంకెలు ఒక్కొక్కటే కొట్టింది.