నాన్నగారు బాగా చచ్చిన సాయంత్రం

మొన్న మా తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. రాజమండ్రిలో వాళ్ళ డాన్సు స్కూలు ఒక పాత ఇంగ్లీషు నాటకాన్ని కూచిపూడిలో వేస్తోందనీ, మొగుడు అనుమానించి గొంతు నులిమి చంపేసే భార్య వేషం తనదేననీ చెప్పి, “అత్తా, నీ నల్లపూసలు ఒక్కరోజు ఇస్తావా?” అని అడిగింది. ఇవ్వను గాక ఇవ్వనన్నాను. ముప్పయ్యేళ్ళు సైన్సు పాఠాలు చెప్పినదాన్ని, అలా అన్నందుకు నాకే సిగ్గేసింది. ఒక్క పగడమే మిగిలిన ఆ దండ మా అమ్మది. ఆ ఇంగ్లీషు నాటకం కథ కూడా మా ఇంట్లోకి అంతకుముందే ఒకసారి వచ్చింది.

ద్రాక్షారామం దగ్గర మా ఊళ్ళో నాన్నగారికి భాగవతుల మేళం ఉండేది. ఆడవేషాలన్నీ ఆయనవే. వేసవిలో కాలవలు కట్టేసి, మినుములు ఇళ్ళకు చేరి, జనానికి కాస్త తీరిక చిక్కిందంటే చాలు, మా అరుగు మీద మొహానికి పూసే పచ్చటి అర్దళం నూరుతున్న వాసన, కొబ్బరినూనె వాసన, తాటిముంజల చెమ్మ వాసన కలగలిసిపోయేవి. అమ్మ సవరాలు దువ్వి జడ అల్లుతుంటే నాన్నగారు అద్దం ముందు మఠం వేసుక్కూచుని కనుబొమలు దిద్దుకునేవారు. ఆడపుట్టుక పుట్టినందుకు ఆయన్ని చూసైనా నడక నేర్చుకోమని నాయనమ్మ నన్ను దెప్పేది.

మా ఆటల్లో ఎవరూ జనం కళ్ళెదుట చచ్చేవారు కాదు. రాక్షసుణ్ణి చంపాలన్నా ఇద్దరు తెర పట్టుకునేవారు. చచ్చినవాడే కాసేపటికి చక్కా వచ్చి అందరితో కలిసి మంగళం పాడేవాడు. హారతి కళ్ళకద్దుకోనిదే ఎవరూ చాప ఎత్తేవారు కాదు.

నా తొమ్మిదో ఏట, మిషను బడిలో ఇంగ్లీషు చెప్పే ఇజ్రాయేలు మాస్టారు ఈ కథను మేళం పాడే దరువులుగా రాసి తెచ్చారు. ఆయన తెచ్చే ఆత్రేయపురం పూతరేకుల కోసం పిల్లలం రిహార్సల్సుకి ఎగబడేవాళ్ళం గానీ, చివరి రంగం వచ్చేసరికి మమ్మల్ని బయటికి తోలేసేవారు. మాస్టారిది ఒకటే పట్టు: తెర పట్టకూడదు, చచ్చిన మనిషి లేవకూడదు, మంగళం పాడకూడదు. నాన్నగారు మూడు రోజులు వాదించి, చివరికి ఒప్పుకున్నారు.

బడి వార్షికోత్సవం నాడు పొద్దు వాలకముందే ఆట మొదలైంది. వేషానికని జాతర తీర్థంలో కొన్న ఉత్తుత్తి నల్లపూసలు సరిగ్గా ఆ వేళకే తెగి కూచున్నాయి. పెద్దవాళ్ళొచ్చే ఆట, బోసిమెడతో ఎలాగని, అమ్మ స్నానానికి కూడా తియ్యని తన దండ తీసి నాన్నగారి మెళ్ళో వేసింది. మొగుడి వేషం సూర్యం మావయ్యది, అమ్మ సొంత తమ్ముడు. అందులో కీడేమిటో ఆమెకు గాని, మాకు గాని ఆ క్షణాన తట్టలేదు.

మావయ్య చేతులు నాన్నగారి గొంతు మీద పడ్డాయి. మద్దెల ఆగిపోయింది. దండ పుటుక్కున తెగి పూసలు వేదిక బల్లల మీద టపటపా రాలాయి. నాన్నగారు వెల్లకిలా పడి, కళ్ళు తెరుచుకునే ఉండి, ఇక కదల్లేదు. ఆట అయిపోయిందని మాస్టారు చెప్పినా జనం లేవలేదు, మంగళం కోసం చూస్తూ కూచున్నారు. మా నాన్నని చంపేశారనే అనుకున్నాను.

అమ్మ లేచింది. ఎవరో అలవాటు కొద్దీ సిద్ధం చేసి పెట్టిన హారతి పళ్ళెం అందుకుని, వెలిగించి మెట్లెక్కింది.

“లేవండి. మంగళం పాడండి,” అంది.

ఆయన లేవలేదు. అమ్మ గొంతు విని కూడా లేవలేదు! ఈ రోజుకీ నేను మరవలేనిది అదే. పళ్ళెం ఒరిగి కర్పూరం అమ్మ చేతిమీద పడింది. ఆమె పళ్ళెం వదల్లేదు. అప్పుడు నాన్నగారు లేచి, బొంగురుపోయిన గొంతుతో ఒక్కరే మంగళం పాడారు. పూసలన్నీ ఏరాం గానీ, రెండు పగడాల్లో ఒకటి దొరకలేదు.

ఆ నాటకం మళ్ళీ ఆడలేదు. చాలా ఏళ్ళకి, అమ్మ చేతిమీది మచ్చకేసి చూస్తూ, నాన్నగారు నాతో రహస్యంగా అన్నారు: “ఆవేళ బాగా చచ్చానే. మీ అమ్మ చెడగొట్టింది.”

నిన్న రాజమండ్రి హాల్లో అర్దళం వాసన లేదు, ఆడవేషం కట్టిన మగవాడు లేడు. ప్లాస్టిక్ పూసల దండతో మా పిల్ల పడిపోయింది, లైట్లు ఆర్పేశారు, జనం చప్పట్లు కొట్టి బైకు తాళాలు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. మంగళం కోసం ఎవరూ ఆగలేదు. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయాను.

పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. “బాగా చచ్చానా అత్తా?” అంది.

అది నా చెయ్యి పట్టుకుని, నా మెళ్ళోని అమ్మ దండను బిగించి పట్టుకున్న వేళ్ళను ఒక్కొక్కటే విప్పింది. పగడం అచ్చు అరచేతిలో ఎర్రగా దిగి ఉంది.