రెండు చీటీల మీద నా సంతకం

పొద్దున సర్కారు దవాఖానా, సాయంత్రం మోండా మార్కెట్ వెనక ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్. పదహారేళ్ళుగా నా డాక్టరు బతుకు ఇంతే. సర్కారులో నా బల్ల మీద ఒక రబ్బరు ముద్ర ఉంటుంది: "వెంటిలేటర్ ఖాళీ లేదు. వేరే ఆసుపత్రికి పంపడమైనది." కొట్టేసి, కింద సంతకం గీకేస్తాను. తలెత్తి చూడను. చూస్తే మాత్రం ఏం లాభం, మంచం పుట్టుకొస్తుందా!

ఆ రోజు న్యుమోనియా ముదిరిన ఒక హమాలీ చీటీ మీద కూడా అలాగే కొట్టాను. పక్కన అతని భార్య ఉందట. నాకు ఇద్దరి మొహాలూ గుర్తులేవు.

సాయంత్రం నర్సింగ్‌హోమ్‌కి వెళ్ళేసరికి ఎమర్జెన్సీలో ఒక మనిషి ఆక్సిజన్ పెట్టినా రొప్పుతున్నాడు. ఇక్కడ వెంటిలేటర్ ఖాళీగానే ఉంది. కానీ మేనేజరు ముందే అడ్డుపడ్డాడు. "సర్కారు ఆరోగ్య కార్డు మన దగ్గర నడవదు మేడమ్. గవర్నమెంటుకి రాసెయ్యండి." వాదించాను. ఎంతసేపని అడక్కండి, సిగ్గేస్తుంది. నేను పొద్దున పనిచేసే దవాఖానాకే రాసిచ్చాను.

చీటీ అందుకున్న అతని భార్య దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత కొంగు ముడి విప్పి ఇంకో చీటీ తీసి, రెండూ నా ముందు పక్కపక్కన పెట్టింది. చదువు రాదు గానీ సంతకం వంకర పోల్చుకుంది.

"గిది సుత మీదే గద, మేడమ్?"

అవునని తలూపాను.

"మీరు ఏ దవాఖానల ఉంటే మా ఆయన్ని చూస్తరో చెప్పున్రి. ఆడికే తీస్కవోత."

కోపంగా అనలేదు. నిజంగానే దారి అడిగింది. ఛీ, నా మీద నాకు అప్పుడు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు. ఆ ఖాళీ వెంటిలేటర్ అతనికి నేనే పెట్టించగలిగేదాన్ని. ఇక్కడి కొలువు ఊడుతుందని భయపడ్డాను. సర్కారు దవాఖానాకు ఫోన్ చేసి డ్యూటీ డాక్టర్ని బతిమాలాను.

"ఎక్కడ పెట్టమంటారు మేడమ్? మీకు తెలీదా?" అన్నాడు.

తెలుసు. తెలిసే అంబులెన్స్ ఎక్కించాను.

మర్నాడు పొద్దున నా బల్ల ముందు క్యూలో ఆమె ఉంది. మనిషి దారిలోనే పోయాడు. శవాన్ని అప్పగించే కాగితం మీద డాక్టరు సంతకం కావాలి.

ఈసారి ఆమె ఏమీ అడగలేదు. ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది.