చింతపండుతో తోమిన నత్తగుల్లలు

బీదర్‌లో ఒక కాలేజీ జియాలజీ ల్యాబులో కాంట్రాక్టు మీద పనిచేస్తున్న రోజులవి. మార్చిలో రెన్యువల్. అంతకు వారం ముందు మా హెడ్డు సారు ఒక అట్టపెట్టె చేతికిచ్చి, ఇంటికి తీసుకెళ్లి సోమవారానికల్లా చీటీలు రాసి తెమ్మన్నారు. లోపల ఆరు శిలాజ గుల్లలు, ఎవరో ఎప్పుడో కచ్ నుంచి తెచ్చిన, శంఖువు ఆకారంలో ఉండే కోన్ నత్తలవి. రంగులు ఏనాడో పోయాయి కనుక ఆకారం చూసే రకం తేల్చాలి. నోరు నిలువునా సన్నటి చీలికలా ఉందా, భుజం మీద బుడిపెలున్నాయా, పైమెలికల మీద సన్నగీతలెన్ని? ఆ గీతలే అసలు ఆనవాలు. అవేమో మట్టి కింద ఉన్నాయి.

ఆదివారం పొద్దున బ్రష్షుతో గీకుతూ కూర్చుంటే ఇంటి ఓనరు అక్క చూసింది. ఆమెది దగ్గర్లోని ధన్నూర, కన్నడ ఊరే అయినా ఇంట్లో మాత్రం తెలుగే.

“గట్ల గీకుకుంట కూసుంటే ఆ మట్టి ఎప్పుడు పోవాలె? చింతపండుల నానేసి తోము. నా ఇత్తడి చెంబులు చూస్తలేవా?”

చూస్తూనే ఉన్నాను, తళతళలాడుతున్నాయి. అప్పటికే బ్రష్షుతో శుభ్రమైన ఒకదాన్ని దూదిలో పెట్టి, మిగతా ఐదు గుల్లలు చిక్కటి చింతపండు రసంలో వేసి, సాయంత్రం పీచుతో తోమాను. ఆసిడ్ చుక్క వేస్తే గుల్ల నురగతో కరగడం ఏటా పిల్లలకు చూపించేదాన్ని నేనే. చింతపండు పులుపూ ఆసిడేనన్న బుర్ర ఆ రోజు ఎటు పోయిందో. కడిగి చూస్తే ఐదూ నున్నగా ఉన్నాయి. దూదిలో ఉన్న ఆరోదాని మీద మాత్రం గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

పైమెలికలు నున్నగా ఉండే రకం కూడా ఒకటుంది. ఆ పేరు రాసేస్తే సారుకు అనుమానం రాదు, ఉద్యోగమూ ఉంటుంది. రాశాను కూడా. కానీ ఏళ్ల తరబడి పిల్లలు ఆ అబద్ధాన్నే బట్టీ పడతారనిపించింది. పొద్దున్నే చింపేసి, ఆరోదానికి దాని పేరు రాసి, ఈ ఐదింటికీ కలిపి ఒకే చీటీ రాశాను: “ఐదింటి రకం తెలియదు. గీతలు చింతపండుతో పోయాయి. తోమింది నేనే.” కింద పేరు పెట్టాను.

సారు చదివారు. ఒక్కో గుల్లనూ వేలితో తడిమి, పెట్టె మూసేశారు. రెన్యువల్ రాలేదు.

ఈ మధ్య బీదర్ బస్టాండులో ఆ కాలేజీ పిల్ల ఒకతె మాటల్లో నా పేరు విని తేరిపార చూసింది.

“చింతపండు మేడం మీరేనా?”

అవునన్నాను. ఆ చీటీ ఇంకా ఉందా అని భయంగానే అడిగాను.

“ఉన్నది మేడం. మొన్న ప్రాక్టికల్స్‌ల ‘గీతలెట్ల పోయినయ్’ అని దాని మీదనే అడిగిన్రు.”