ఎడమచేతి వైపు అన్నం

ప్యో పెద్దమ్మ ఎనిమిదో ఏట కోట వంటింట్లో చేరింది. అప్పటికి కోటలో రాజు ఉన్నాడు, రాజ్యమే లేదు. మొదటి ఆరేళ్ళూ ఆమె పని పైన్ గింజల కొనకున్న చిన్న పొట్టు ఊడదీయడం. ఆ తర్వాత ఆరేళ్ళు గుడ్డు అట్టుని దారాల్లా కొయ్యడం. ఇరవై దాటాక గాని ఆమె చేతికి గరిటె ఇవ్వలేదు.

"మరి అన్నం వండటం ఎప్పుడు నేర్పారు?" అని అడిగాను ఒకసారి.

"అన్నం కుక్కపిల్ల కూడా వండుతుంది. నువ్వు ఆ ముల్లంగి చూడు, దుంగలు నరికినట్టు నరుకుతున్నావు."

నేను ఆమెకి ఏమీ కాను. ఆమె నాకు ఏమీ కాదు. అయినా పెద్దమ్మా అనే పిలిచేదాన్ని.

మా ఆయన క్యూవాన్ సువన్‌లో బడిపంతులు. పాత రాజవంశంలో ఒక పక్క కొమ్మ వాళ్ళది. ఆ వంశం పేరు చెబితే సువన్ బజారులో ముల్లంగి ఒకటి ఎక్కువ ఇవ్వరు. ఆ వంశంలోనే పెద్ద కొమ్మకి చెందిన ఒకాయన సియోల్‌లో పిల్లలు లేకుండా పోయారు. మాలో కొడుకు లేని ఇంటికి, మనిషి పోయిన తర్వాతైనా సరే, వంశంలోంచి ఒకణ్ణి తెచ్చి కొడుకుగా నిలబెడతారు. పెద్దలు కూర్చుని మా ఆయన్ని ఎంచారు. అలా ముప్పై రెండో ఏట ఆయన తాను రెండుసార్లే చూసిన మనిషికి కొడుకయ్యాడు. నేను ఒక జపాను దొరబిడ్డకి కోడలినయ్యాను.

రిత్సుకో అత్తగారిది టోక్యోలో బిరుదులున్న కుటుంబం. పందొమ్మిదో ఏట పెళ్ళి. ఆవిడని ఎవరూ అడగలేదు. మావగారినీ అడగలేదు. మా రాజకుటుంబం మగపిల్లలకి జపాను సంబంధాలు చెయ్యాలని మా దేశాన్ని ఏలుతున్న జపాను దొరలు అనుకున్న రోజులవి. రెండిళ్ళకీ ఒకే రోజు కాగితం వచ్చింది. ఆ చలికాలంలోనే పెళ్ళి జరిగింది. కొత్త కోడలికి మా ఇంటి పద్ధతులు నేర్పమని ఇరవై నాలుగేళ్ళ ప్యో పెద్దమ్మని కోట వంటింట్లోంచి ఆ ఇంటికి పంపారు.

"మూడు రోజులు అన్నం సయించలేదు," అనేది పెద్దమ్మ. "మా దేశాన్ని మింగినవాళ్ళ పిల్లకి నేను ముద్ద అందించాలా అని."

మొదటి పూట కొత్త కోడలు అన్నం గిన్నెని ఎడమచేత్తో పైకెత్తి తింది. జపానులో అది మర్యాద. మాలో గిన్నె ఎత్తి తినేది బిచ్చగాడు. ఆడబిడ్డలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. పెద్దమ్మకి కూడా సంతోషమే అయింది. కానీ ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డం చూసింది. మర్నాటి నుంచి ఆమె అన్నాన్ని మందపాటి ఇత్తడి గిన్నెలో పొయ్యి మీంచి దించినది దించినట్టే పెట్టింది. గిన్నె ముట్టుకుంటే చురుక్కుమనేది. వారం తిరిగేసరికి కోడలు చెంచా పట్టి తల వంచి తినడం నేర్చింది. నోటితో ఒక్క మాట చెప్పలేదు. ఒకరి భాష ఒకరికి రాదు కూడా.

"అన్ని రోజులు ఆవిడ వేళ్ళు కాల్చావా పెద్దమ్మా?"

"కాల్చాను. తర్వాత నువ్వుల నూనె రాశాను."

వాళ్ళ స్నేహం ఎప్పుడు మొదలైందో ఇద్దరిలో ఎవరూ చెప్పలేకపోయారు. పెద్దమ్మ తమ్ముణ్ణి జపాను బొగ్గుగనులకి పట్టుకుపోయాక అత్తగారు నెలకో ఉత్తరం గని ఆఫీసుకి రాసింది. తన పుట్టింటి ముద్ర వేసి మరీ రాసింది. రెండేళ్ళు రాస్తే ఒక్క జవాబు వచ్చింది, ఆ పేరుగలవాడు ఎవడూ లేడని. అత్తగారు ఆ కాగితాన్ని పెద్దమ్మకి చదివి వినిపించి, అక్కడే వంటింటి మట్టినేల మీద కూర్చుని క్షమించమంది. "చలికాలం. లేవండి, నడుం పట్టేస్తుంది అన్నాను," అని చెప్పింది పెద్దమ్మ. అంతకంటే చెప్పలేదు.

జపాను వాళ్ళు వెళ్ళిపోయిన ఏడు జనం గేటు దగ్గరికి వచ్చారు. జపాను దాన్ని బయటికి పంపమన్నారు. పెద్దమ్మ చేతిలో గరిటెతో వెళ్ళి నిలబడింది.

"ఇక్కడ జపాను ఎవరూ లేరు. మూడు జాడీల సోయా ముద్ద ఉంది, ఒక ముసలి పిల్లి ఉంది. ఏది కావాలి?"

ఎవడో నవ్వాడట. నవ్వాక ఇంక రాళ్ళు వెయ్యడం కష్టం.

ఆ తర్వాత ఉత్తరం, దక్షిణం కొట్టుకున్న యుద్ధంలో పూసాన్‌కి పారిపోయినప్పుడు పెద్దమ్మ రేవు దగ్గర పెసరట్లు వేసి అమ్మింది. అత్తగారు పిండి రుబ్బింది. మావగారు సున్నితమైన మనిషి, ఏ పనీ చేతకాదు. ఆయన వరసలో నిలబడి అట్టు కొనుక్కునేవారట, ఇంటావిడ దగ్గర ఊరికే తీసుకుంటే మిగతావాళ్ళు ఏమనుకుంటారో అని.

మావగారు పోయిన ఏడాదికి, వసంతంలో, సంవత్సరీకం వచ్చింది. ఆ రోజు తేలవలసింది ఒకటే. ఆయన పేరు రాసిన చెక్క ఆ ఇంట్లోనే ఉంటుందా, సువన్‌లో మా ఇంటికి వస్తుందా. చెక్క ఎక్కడుంటే చనిపోయిన మనిషి అక్కడుంటాడు, తద్దినాలు అక్కడ జరుగుతాయి. వంశం పెద్ద, యాంగ్జు పెద్దాయన, ముందే మనసులో నిర్ణయించుకున్నారు. జపాను చేతి వంట పూర్వీకులకి దిగదని ఆయన నమ్మకం. చెక్క మాతో పంపించి, అత్తగారిని టోక్యోలో తమ్ముడి ఇంటికి పంపాలి. తమ్ముడికి ఉత్తరం వెళ్ళింది, సరేనని జవాబు కూడా వచ్చింది. ప్యో పెద్దమ్మ సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఆమె చుట్టం కాదు కదా.

అత్తగారు ఒక్కటే అన్నది. "ఆయన ఉన్నచోట ఉంటాను. లేనిచోటికి వెళ్ళి ఏం చెయ్యను?"

మేము రెండు రోజుల ముందు వెళ్ళాం. ఇత్తడి సామాను పెంకుపొడితో తోమాం. పెద్దమ్మ రేగుపళ్ళు తుడిచి, చెస్ట్‌నట్ గింజలు చెక్కి, ఎండుచేప తల సరిచేసింది. సంవత్సరీకం పొద్దున పెద్దాయన ఎనిమిదిమంది మగవాళ్ళతో వచ్చి వసారాలో బూట్లు విప్పారు.

"అన్నం, చారు ఇవాళ ఎవరు పెడతారు?" అన్నారు.

పద్ధతి ప్రకారం అది కోడలి పని. నేను లేవబోయాను.

"నువ్వు కాదమ్మా. ఆవిడ పెట్టాలి. ముప్పై అయిదేళ్ళున్న ఇల్లు కదా, ఆవిడ చేతికి ఏం తెలుసో చూద్దాం."

వంటింట్లో పెద్దమ్మ పళ్ళు బిగించింది. "ముసలి గద్ద," అంది లోగొంతుకతో. తర్వాత అత్తగారి భుజం పట్టుకుని చెప్పింది. "అమ్మగారూ, చనిపోయినవాళ్ళకి తారుమారు. తినే మనిషికి కుడిచేతి వైపు అన్నం, ఎడమచేతి వైపు చారు. చెప్పండి."

"కుడి వైపు అన్నం. ఎడమ వైపు చారు."

"మళ్ళీ."

"కుడి వైపు అన్నం. ప్యో, నాకు తెలుసు."

తెలుసు. కానీ ఆ ఏడాది పొడుగునా పొద్దునా సాయంత్రం ఆవిడ మావగారి పటం ముందు భోజనం పెడుతూ వచ్చింది. దుఃఖం పట్టిన ఇంట్లో మూడో ఏడు దాకా అలా పెడతారు, మనిషి ఇంకా ఇంట్లో ఉన్నట్టే. ఆ భోజనం బతికినవాళ్ళకి పెట్టినట్టే ఉంటుంది, ఎడమచేతి వైపు అన్నం, కుడిచేతి వైపు చారు. ఏడాదికి ఏడువందలసార్లకి పైగా.

మా ఆయన అగరు వెలిగించి, సారా వంచి, తండ్రిని పిలిచాడు. అందరూ రెండుసార్లు సాగిలపడ్డారు. ఆ తర్వాతే వేడివి తేవాలి. నేను పళ్ళెం పట్టుకుని అత్తగారి వెనక నడిచాను. ఆవిడ తెల్ల జనపనార బట్టలో చిన్నపిల్లలా ఉంది. చేతులు వణకలేదు. అదే నాకు తర్వాత గుర్తుండిపోయింది. అన్నం గిన్నె తీసుకుని, ఆయన ఎడమచేతి వైపు, ప్రతి పొద్దునా పెట్టినచోటే పెట్టింది. చారు కుడివైపు పెట్టింది. మూతలు తీసింది. ఆవిరి లేచింది.

నేను చూశాను. నోరు తెరవలేదు. తెరిచే వ్యవధి ఉంది.

యాంగ్జు పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "ఇదిగో. నేను చెప్పలేదూ?" అన్నారు. ఆ తర్వాత వంటింటి వైపు తిరిగారు. "ఎవరు నేర్పారు ఇలా?"

పెద్దమ్మ గడప దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. "నేను చెప్పడమే అలా చెప్పానండీ. ముసల్దాన్ని, మతి తప్పింది."

నలభై ఏళ్ళు వంట చేసిన మనిషి. ఒక గింజ పొట్టు మిగిలితే రాత్రి నిద్రపోని మనిషి.

"ప్యో సరిగ్గానే చెప్పింది," అంది అత్తగారు. "నా చెయ్యి అలా వెళ్ళిపోయింది."

"అమ్మగారూ, మీరూరుకోండి."

"నువ్వూరుకో. నేను పెట్టాను."

"తప్పు ఒకటి, దానికి ఇద్దరి పోట్లాటా?" అన్నాడు వెనక వరసలో ఎవరో. ఒకరిద్దరు తలలు దించుకున్నారు, నవ్వు కనపడకుండా.

"ఒరేయ్ క్యూవాన్," అన్నారు పెద్దాయన, "గిన్నెలు మార్చు."

మా ఆయన మోకాళ్ళ మీద ముందుకి జరిగాడు. ఆయన బడిలో పిల్లల్ని గట్టిగా కసరలేని మనిషి. పెద్దాయన ముందు ఎప్పుడూ తల ఎత్తలేదు. చెంచా చేతిలోకి తీసుకున్నాడు. కొంతసేపు గిన్నెల్ని చూశాడు.

"నాన్నగారిని పిలిచేశాం పెద్దనాన్నా," అన్నాడు. "వచ్చి కూర్చున్నారు. కూర్చున్న మనిషి ముందు నుంచి గిన్నె లాగితే బాగుండదు."

అని చెంచాని అన్నంలో నిలబెట్టాడు. ఎడమవైపు ఉన్న అన్నంలో.

చెంచా నిలబెట్టాక పోయిన మనిషి తింటున్నట్టే, ఇంక ఎవరూ ఏమీ చెయ్యడానికి లేదు. తలుపు వేసి, ఆయన తినేంతసేపు, అందరం బయట వసారాలో తల వంచుకుని నిలబడ్డాం. పిచ్చుకలు అరుస్తున్నాయి.

తంతు ముగిశాక పెద్దాయన సారా గిన్నె ముందు కూర్చుని అసలు మాటకి వచ్చారు. "చూశారుగా. చెక్క ఇవాళే సువన్ వెళ్ళిపోవాలి."

మా ఆయన నా వైపు చూశాడు. అంతకుముందు నెలలోనే మా పెద్దగదిలో అలమారు ఖాళీ చేసి, కొత్త కాగితం అంటించి, చెక్క కోసం సిద్ధం చేశాను. ఆయనవీ, ఆయన పెద్దలవీ కలిపి ఏడాదికి ఎనిమిది తద్దినాలు చెయ్యగలనా అని ఏడ్చాను కూడా. ఆ గిన్నె తప్పువైపు పెట్టినప్పుడు నేనెందుకు నోరు మూసుకున్నానో నాకే సరిగ్గా తెలియదు. భయమో, అలసటో. వణకని ఆ చేతుల్ని ఆపబుద్ధి కాకపోవడమో. కానీ ఈసారి నోరు తెరిచాను.

"మా ఇంట్లో చోటు లేదండీ. రెండు గదులు. ఒకదాంట్లో వాన కారుతుంది."

"సువన్ కోడలికి నోరొచ్చిందే," అన్నారు పెద్దాయన.

"కారుతుంది పెద్దనాన్నా," అన్నాడు మా ఆయన. ఆయన అబద్ధం ఆడగా నేను విన్నది అదొక్కసారే. "తద్దినాలకి మేమే ఇక్కడికి వస్తాం. చెక్క ఇక్కడే ఉంటుంది. రోజూ రెండుపూటలా వండిపెట్టే మనిషి ఇక్కడుంది."

"ఆవిడ తర్వాత?"

"నేను చూసుకుంటాను," అంది పెద్దమ్మ గడప దగ్గర్నుంచి.

"నువ్వు ఆవిడకంటే అయిదేళ్ళు పెద్దదానివి కదే!"

"అయితే తొందరగా తినమని ఆయనకి చెప్తాను."

అప్పుడు వెనక వరస పైకే నవ్వింది. పెద్దాయన నవ్వలేదు. గిన్నెలో సారా పూర్తిచేశారు. అది కింద పెట్టి, "మూడో ఏడు దాకా," అన్నారు. "ఆ తర్వాత చూద్దాం." బూట్లు తొడుక్కుంటూ పెద్దమ్మ కట్టిచ్చిన అట్ల మూట తీసుకున్నారు. కొంచెం బరువు చూసి, ఇంకో రెండు వెయ్యమన్నారు.

మగవాళ్ళు వెళ్ళాక మేం ముగ్గురం వంటింట్లో కూర్చున్నాం. మిగిలిన అన్నం, మూడు రంగుల కూరలు ఒక పెద్ద గిన్నెలో కలిపింది పెద్దమ్మ. పొద్దుట్నుంచి ఎవరం ఏమీ తినలేదు. మూడు చెంచాలు ఒకే గిన్నెలో తిరిగాయి.

అప్పుడు తిట్టడం మొదలుపెట్టింది. "రెండుసార్లు చెప్పించాను. రెండుసార్లు! కుక్కకి చెప్పినా వచ్చేది. ఆ గద్ద ముందు నా పరువు తీశారు. కోట వంటింటి మనిషినండీ నేను. రేపు నా పెద్దలకి పైన ఏ మొహం చూపించను?"

"తప్పు నాది," అంది అత్తగారు, నోట్లో అన్నంతో.

"నీది కాక పిల్లిదా?"

మీది అనాల్సినచోట నీది అన్నానని పెద్దమ్మకే తెలియలేదు. అత్తగారికి తెలిసింది. చెంచా ఆపింది.

"ప్యో. వచ్చే ఏడు ఎటువైపు పెట్టను?"

పెద్దమ్మ కూరలో ఫెర్న్ కాడ ఒకటి ఏరి, ముదురుగా ఉందేమో నొక్కి చూసింది.

"వచ్చే ఏడు కుడి వైపు పెట్టండి అమ్మగారూ. అప్పటికి తాను పోయిన సంగతి ఆయనకి తెలిసి ఉంటుంది."

అత్తగారు తల ఊపింది. కొంతసేపయ్యాక లేచి, సాయంత్రం భోజనానికి బియ్యం కడిగింది.